కంఠశోష సాధన కాదు

సంగీతసభలలో ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. గాయకుడు తారస్థాయిలో ఒక స్వరమును అందుకొనుటకు ప్రయత్నించుచుండును. మెడ ముందుకు సాగును, కణతలపై నరములు ఉబ్బును, ముఖము ఎఱ్ఱబారును. స్వరము అందీ అందక, బొంగురుపోయి, ఎట్లో బయటపడును. వెంటనే సభ కరతాళధ్వనులతో మారుమ్రోగును. "ఎంత సాధన!" అని ముందువరుసలోని పెద్దలు తలలూపుదురు. అదే సభకు వైణికుడొకడు కుండ పగిలిన వీణతో వచ్చి కూర్చుండినను, మార్దంగికుడొకడు తోలు చిరిగిన మృదంగమును ఒడిలో పెట్టుకొనినను ఆ పెద్దలే లేచి వెడలిపోవుదురు. వాద్యము చెడినచో అపచారము. కంఠము చెడినచో తపస్సు! ఇంతటి విపరీతపు తీర్పు మరి ఏ కళయందును లేదు.

ఈ తీర్పునకు మూలము ఒక నమ్మకము కాదు, రెండు నమ్మకములు. కంఠము దైవదత్తమనియు, ఆ వరము లేనివారు ఎంత శ్రమించినను ప్రయోజనము లేదనియు ఒక మాట. కంఠము కఠోరసాధనకు మాత్రమే లొంగుననియు, అది చీలి, పగిలి, మూగపోయి మరల లేచిననే గాని పదును రాదనియు మరియొక మాట. ఈ రెండును ఒకదానినొకటి ఖండించును. పుట్టుకతో వచ్చినదే అయినచో సాధన ఎందులకు? సాధనచేత సిద్ధించునదే అయినచో, సాధన చేసిన కంఠమే ఏల పగులుచున్నది? అయినను ఈ రెండు మాటలను పలుకువారు తరచుగా ఒక్కరే. శిష్యుని గొంతు రాణించినచో అది గురువు చేయించిన సాధన. చెడిపోయినచో అది వాని ప్రారబ్ధము. ఈ లెక్కలో గురువునకు నష్టము ఎన్నడును రాదు. నష్టమంతయు శిష్యుని ఖాతాలోనే పడును.

కావున ఈ విషయమును సూటిగా చెప్పవలసి యున్నది. పాడుటవలన గొంతు నొచ్చినయెడల, పాడించిన పద్ధతిలో దోషమున్నది. పాఠము ముగిసిన ప్రతి దినమును గొంతు బొంగురుపోవుచున్నయెడల, అది సాధన ఫలించుచున్నదనుటకు గుర్తు కాదు. సాధన తప్పుదారిలో నడచుచున్నదనుటకు గుర్తు. దీనిని విధి అనుట సోమరితనము. భక్తి అనుట వంచన.

శాస్త్రము తమ పక్షమున ఉన్నదని కఠోరసాధనావాదులు చెప్పుకొందురు. దేవగిరి యాదవరాజైన సింఘణుని ఆస్థానమున, 13వ శతాబ్దమున, శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమును వారు సాక్ష్యముగా పిలుతురు. అభ్యాసము లేకున్నను రాగమును వ్యక్తపరచగల శక్తి ధ్వనికి ఉండుట 'శారీరము' అనియు, అది శరీరముతో కూడ పుట్టునది కనుక దానికా పేరు వచ్చినదనియు ఆ గ్రంథము చెప్పిన మాట నిజమే. విద్యాదానము, తపస్సు, శివభక్తి, భాగ్యవిశేషము అనువానిచేత సుశారీరము లభించునని చెప్పినదియు నిజమే. వారు ఇంతవరకు చదివి పుస్తకమును మూసివేయుదురు. కాని ఆ ప్రకీర్ణకాధ్యాయమునందే గాయకుల దోషములు ఇరువదియైదు లెక్కింపబడినవి. వానిని చదివినచో వారి సాక్షి వారికే ఎదురు తిరుగును.

పండ్లు బిగబట్టి పాడువాడు సందష్టుడు. రసము లేక బిగ్గరగా అరచువాడు ఉద్ఘుష్టుడు. భయంకరముగా నోరు తెరచువాడు కరాళి. ఒంటెవలె మెడ సాచి పాడువాడు కరభుడు. నుదుటను, ముఖమునను, మెడయందును నరములు ఉబ్బించి పాడువాడు ఝోంబకుడు. బుగ్గలను సొరకాయబుఱ్ఱవలె ఉబ్బించువాడు తుంబకి. మెడ వంకర చేయువాడు వక్రి. కాకివలె కఱకుగా పలుకువాడు కాకి. ఈ పట్టికలో పెక్కు దోషములు పుట్టుకతో వచ్చినవి కావు. మెడ సాచుట గాని, పండ్లు బిగించుట గాని, నరములు ఉబ్బించుట గాని పూర్వజన్మకర్మ కాదు, అలవాటు. అలవాటు నేర్పినదైనను కావలెను, వారింపక విడిచినదైనను కావలెను. రెండింటియందును బాధ్యత నేర్పినవానిదే. శార్ఙ్గదేవుడు ఏడువందల ఏండ్లకు పూర్వమే ఏ ఝోంబకుని దోషుల వరుసలో నిలిపెనో, వానినే నేటి సభ పూలమాలతో సన్మానించుచున్నది.

అంతకంటెను ప్రాచీనమైనది వేదాంగములలోని శిక్షాశాస్త్రము. అక్షరమును ఎట్లు పలుకవలెనో చెప్పుటకు పాణినీయశిక్ష ఒక ఉపమానమును వాడినది. ఆడుపులి తన పిల్లలను కోరలతో కరచుకొని పోవునట్లు పలుకవలెనట. పిల్ల జారిపడరాదు, కోర దిగబడరాదు. క్రూరమృగమునందలి సౌకుమార్యమును ఎన్నుకొని చెప్పిన ఈ మాటలో కంఠవిద్య సారమంతయు ఉన్నది. బలము ఉండవలెను, ఆ బలము గాయపరుపరాదు. ఇక తెలుగువారి నాలుకపై నిత్యము నిలిచిన త్యాగరాజస్వామియు, జగన్మోహినీరాగమునందలి 'శోభిల్లు సప్తస్వర' కృతిలో, నాదమునకు స్థానము గొంతు ఒక్కటే అనలేదు. నాభి మొదలు నాసిక వరకు గల స్థానములన్నింటిని పేర్కొనెను. ఆ కృతిని గొంతు నులిమి పాడుచు, దాని అర్థమును మరచువారు ఎందరు లేరు!

శాస్త్రవాక్యము చాలనివారికి దేహమే సాక్ష్యమిచ్చును. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు కలవు. వాని పొడవు పురుషులలో సుమారు 17 మొదలు 25 మిల్లీమీటర్లు. స్త్రీలలో సుమారు 12 మొదలు 17 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తులనుండి వెలువడు గాలి వాని నడుమ పోవునపుడు అవి కలియుచు, విడివడుచు నాదమును పుట్టించును. ఒకటి శ్రుతిలో పాడు పురుషుడు మధ్యషడ్జమమును నిలిపినపుడు ఆ తంత్రులు సెకనుకు సుమారు 130 పర్యాయములు కలిసి విడిపోవును. అయిదు శ్రుతిలో పాడు స్త్రీకి ఆ సంఖ్య సుమారు 196. తారషడ్జమమున ఈ సంఖ్యలు రెట్టింపగును. మూడు గంటల కచేరీలో సగము కాలమే కంఠము పలికినదనుకొన్నను, సెకనుకు 200 చొప్పున లెక్కించినచో, ఆ సుకుమారమైన పొరలు పది లక్షల పర్యాయములకు పైగా ఒకదానినొకటి తాకును. ఇంతటి శ్రమను సహించుటకు ప్రకృతి వానిని సిద్ధముచేసియే యున్నది. తాకిడి మృదువుగా ఉన్నంతవరకు, పొరలపై తడి ఆరనంతవరకు.

గాలిని క్రిందినుండి బలవంతముగా నెట్టుచు, గొంతును పైనుండి బిగించినపుడు ఆ తాకిడి దెబ్బగా మారును. మొదట పొరలు ఉబ్బును, గొంతు బొంగురుపోవును. విశ్రాంతి ఇచ్చినచో ఆ వాపు తగ్గును. విశ్రాంతి ఇయ్యక, "పాడి పాడి విడగొట్టుము" అను ఉపదేశమును పాటించినచో, తంత్రుల ముందుభాగమున మూడవ వంతు ముగియుచోట, తాకిడి అధికముగా ఉండు స్థలమున, పలుగు పట్టినవాని అరచేత కాయ కాచినట్లు, రెండువైపుల చిన్న బుడిపెలు ఏర్పడును. తంత్రులు పూర్తిగా కలియవు. నడుమ గాలి జారును. మెల్లగా పాడవలసిన తారస్వరము పలుకదు. పలుకని స్వరమును పలికింపబోయి గాయకుడు మరింత బిగించును; బుడిపె మరింత గట్టిపడును. తొలిదశలో వీనికి కత్తి అక్కరలేదు. విశ్రాంతియు, పలుకు పద్ధతిని దిద్దుకొనుటయు పెక్కుమందికి చాలును. ఆలస్యము చేసినకొలది ఈ సుళువు తగ్గును. కఠోరసాధన అను పేరుతో జరుగునది పలుమారు ఈ ఆలస్యమే.

దోషపు పద్ధతులలో మొదట నిలుచునది శ్రుతినిరంకుశత్వము. గురువు ఏ శ్రుతిలో పాడునో ఆ శ్రుతిలోనే శిష్యులందరు పాడవలెనను ఆచారము పెక్కుచోట్ల ఉన్నది. పురుషగురువు ఒకటిన్నర శ్రుతిలో కూర్చుండును. ఎదుట ఎనిమిది మంది బాలికలు, నలుగురు బాలురు. మంద్రమున బాలికల గొంతు అణగిపోవును. అది వినబడుట లేదని గద్దించగా వారు గొంతును నొక్కి మోటుగా చేసికొందురు. గురువు స్త్రీ అయినచో బాలురకు దీనికి విరుద్ధమైన బాధ. శ్రుతి గోత్రము కాదు, వంశపారంపర్యముగా వచ్చుటకు. అది చెప్పులవంటిది, ఎవరి పాదమునకు వారిదే. కర్ణాటకసంగీతమునందలి కృతులు అధికముగా మంద్రపంచమమునకును తారపంచమమునకును నడుమ సంచరించును. ఆ రెండు కొనలను నొప్పి లేక తాకగల చోటే ఆ గాయకుని షడ్జమము. దీనిని కనుగొనుటకు కావలసినది తంబురయు, కొన్ని దినముల ఓర్పును. అయినను ఇంత చిన్న పరీక్ష జరుగకయే ఎందరి విద్యారంభమో జరిగిపోవుచున్నది.

ఘనులైన గాయకుల చరిత్ర ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. కిరానా ఘరానాకు చెందిన ఉస్తాద్ అబ్దుల్ కరీంఖాన్ (1872–1937) గొంతు హెచ్చు శ్రుతిలో, సన్నని నూలుపోగువలె, ఎక్కడను ఒత్తిడి లేక సాగెడిది. ఆగ్రా ఘరానాకు చెందినవాడును, బరోడా ఆస్థానగాయకుడును అయి 1950లో మరణించిన ఉస్తాద్ ఫైయాజ్‌ఖాన్ గొంతు తగ్గు శ్రుతిలో, గంభీరముగా, నిండుగా మ్రోగెడిది. ఇరువురి గ్రామఫోను రికార్డులు నేటికిని వినవచ్చును. ఈ ఇరువురిలో ఎవరినైనను రెండవవారి శ్రుతిలో పదేండ్లు పాడించినచో భారతదేశము ఒక మహాగాయకుని పోగొట్టుకొని యుండెడిది. వారు తమ తమ గొంతులను ఎరిగి, వానికి తగిన సంగీతమును తీర్చిదిద్దుకొనిరి. నేడు వారి పేరు చెప్పుకొని అనుకరించువారు వారి స్వరములను అనుకరింతురు గాని, తమ గొంతును తామెరుగుట అను వారి వివేకమును అనుకరింపరు.

ఇంతకంటెను దారుణమైనది బాలుర విషయము. సుమారు 12 మొదలు 15 ఏండ్ల ప్రాయమున బాలుని స్వరపేటిక పెరుగును. తంత్రులు పొడవు, మందము అగును. గొంతు దాదాపు ఒక స్థాయి క్రిందికి దిగును. ఆ నడిమి నెలలలో గొంతు తన యజమాని మాటనే వినదు. అపుడు కావలసినది తగ్గు శ్రుతిలో, స్వల్పకాలము, మెల్లని పాట. మిగిలిన కాలమున వినుట, లయ నేర్చుట, స్వరము వ్రాయుట. కాని జరుగుచున్నదేమి? చిన్ననాడు మెచ్చుకొన్న శ్రుతిలోనే పాడుమని తల్లిదండ్రులు, గురువు, పోటీల న్యాయనిర్ణేతలు పట్టుబట్టుదురు. ఇటీవలి కాలమున దూరదర్శనముల పోటీలు ఈ కష్టమును ఇంటింటికి తెచ్చినవి. పదేండ్ల బిడ్డ, పెద్దలు పాడిన సినిమాపాటను వారి శ్రుతిలోనే, వారి ఉద్రేకముతోనే పాడవలెను. పై స్వరమును అరచి అందుకొన్నపుడు లేచి నిలుచుండి చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లు బిడ్డ గొంతునకు పెట్టిన చిచ్చు.

బిగ్గరగా పాడుటకు ఒకప్పుడు కారణము లేకపోలేదు. ధ్వనివర్ధకయంత్రము రాకపూర్వము దేవాలయ ప్రాంగణములందును, పందిళ్ళయందును కడపటి వరుసకు వినబడునట్లు పాడవలసి వచ్చెడిది. తెలుగునాట పద్యనాటకములు ఆడిన నటులు తెల్లవార్లు పద్యములు అందుకొని, "వన్స్‌మోర్" అన్నపుడెల్ల మరల పాడి, మరునాడు మరియొక ఊరిలో మరల వేషము కట్టెడివారు. మహారాష్ట్రమున సంగీతనాటకముల నటులును, తమిళదేశమున స్పెషల్ నాటకముల నటులును ఇట్టి శ్రమనే పడిరి. వారి కష్టము వందనీయము. కాని 1930ల తరువాత ధ్వనివర్ధకయంత్రము సభలలో క్రమముగా నెలకొన్నది. కారణము పోయినది; అరపు మాత్రము మిగిలినది. నేడు గాయకుని నోటికి జానెడు దూరమున మైకు ఉండగా, అతడు కడపటి వరుసను గుసగుసతోనే తాకగలిగియు, చెవిటివానిని పిలిచినట్లు పాడుచున్నాడు. ప్రక్కవాద్యముల మైకులు హెచ్చింపబడును. వానిని మించవలెనని గాయకుడు గొంతు హెచ్చించును. అతనిని మించవలెనని వారు మరల హెచ్చింతురు. ఈ వేలంపాటలో కడకు అమ్ముడుపోవునది గాయకుని కంఠమే.

ఇట్లు చెప్పినచో ప్రతివాదులు లేవదీయు మొదటి ఆక్షేపణ, కంఠసంస్కారము పాశ్చాత్యుల వ్యవహారమనుట. పాణినీయశిక్షయు, సంగీతరత్నాకరమును పాశ్చాత్యగ్రంథములు కావు. ఒక సంగమము మాత్రము గమనింపదగినది. 1854లో మాన్యుయెల్ గార్సియా అను స్పెయిన్‌దేశపు గానగురువు, దంతవైద్యులు వాడు చిన్న అద్దమును తన గొంతులో నిలిపి, సూర్యకాంతిని దానిపై ప్రసరింపజేసి, పాడుచున్నపుడు తన స్వరతంత్రులు కదలుటను తానే చూచెను. 1855లో ఆ విషయము లండను రాయల్ సొసైటీకి నివేదింపబడెను. నేటి కంఠవైద్యమునకు ద్వారము తెరచినవారిలో ముఖ్యుడు వైద్యుడు కాదు. పాట నేర్పు గురువు. శిష్యుల గొంతు ఏల చెడుచున్నదో తెలిసికొనవలెనను జిజ్ఞాస గురువునకు ఉండదగినదని అతడు చూపెను. భారతదేశమునను అట్టివారు లేకపోలేదు. పలూస్కర్ శిష్యుడై బొంబాయిలో పాఠశాల నడపిన బి. ఆర్. దేవధర్ (1901–1990) కంఠసంస్కారమును తన జీవితకార్యములలో ఒకటిగా చేసికొనెను. పరంపరలో పుట్టి, పరంపరలో నిలిచియే ఆయన ఆ పని చేసెను. అద్దములో కనబడు గొంతునకు జాతీయత లేదు.

అయితే పాశ్చాత్యపద్ధతిని ఉన్నదున్నట్లు దింపుకొనవలెనను వారును పొరబడుచున్నారు. అక్కడి సంగీతనాటకగాయకుడు మైకు లేకయే పెద్ద వాద్యబృందమును దాటి వినబడవలెను. అందుకై అతడు సుమారు 3,000 కంపనముల ప్రాంతమున ధ్వని మెరయునట్లు గొంతును, నోటిని మలచుకొనును. భారతీయగాయకునకు ఆ అవసరము లేదు. ఇతనికి కావలసినది ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు సందు కనబడక జారగల మెత్తదనము. కంపితమును, జారును, స్ఫురితమును సూక్ష్మముగా పలికించు చురుకుదనము. ఒత్తిడి ఈ గమకములకు మొదటి శత్రువు. గొంతు బిగిసినపుడు కంపితము స్వరపేటికలో పుట్టదు. అందుచేత శిష్యుడు దవడను ఆడించి, తలను ఊపి గమకమువంటిదానిని తయారుచేయును. అది గమకము కాదు, దవడ వణకు. కనుక కంఠారోగ్యము గమకసౌందర్యమునకు ఎదురు నిలుచునది కాదు, దానికి తొలిమెట్టు.

రెండవ ఆక్షేపణ గంభీరమైనది. "ఆయనకు శారీరము లేదు, కాని జ్ఞానమున్నది" అను మాట సభలలో గౌరవముతో వినబడును. కఱకుగొంతుతోనే రాగస్వరూపమును సాక్షాత్కరింపజేసిన విద్వాంసులు ఉండిరి; వారిని తక్కువ చేయువాడు సంగీతము తెలియనివాడు. కాని వారి మహిమ కఱకుదనమువలన వచ్చినది కాదు. కఱకుదనము ఉన్నను నిలిచినది. కుంటికాలితో కొండ ఎక్కిన యాత్రికుని కీర్తింపవచ్చును. అందుచేత యాత్రికులందరి కాళ్ళు విరుగగొట్టవలెనని ఎవరును అనరు. దేహపు లోపమును జ్ఞానము ఎట్లు ఎదుర్కొనవలెనో చూడదలచినవారు కుమార గంధర్వుని (1924–1992) జీవితమును చూడవలెను. క్షయవ్యాధి సోకి ఆయన 1948లో దేవాస్ పట్టణమునకు చేరెను. ఒక ఊపిరితిత్తి చెడిపోయెను. ఏండ్లతరబడి పాట లేకుండెను. 1953లో ఆయన మరల వేదిక ఎక్కినపుడు, లేని ఊపిరి కొరకు పెనగులాడలేదు. ఉన్న ఊపిరికి తగినట్లు చిన్న చిన్న పలుకులతో, నడుమ నిశ్శబ్దముతో, నూతనమైన గానరీతిని నిర్మించెను. "ఓర్చుకొని పాడుము" అని దేహమును గద్దించి సాధించిన విజయము కాదది. దేహము చెప్పినది విని సాధించినది. ఆయన దేవధర్ శిష్యుడగుట ఇచట స్మరింపదగినది.

మూడవది ఆక్షేపణ కాదు, ఓదార్పు. గొంతు పోయినదనగానే మిరియాలపాలు, శొంఠికషాయము, అతిమధురపు ముక్క, కలకండ చేతికి వచ్చును. అవి హాని చేయవు. గొంతు లోపలి మంటకు ఉపశమనమును ఇచ్చును. కాని మింగినది ఏదియు స్వరతంత్రులను తాకదు. మింగునపుడు శ్వాసమార్గము మూతపడును, ఆహారము వేరొక త్రోవను పోవును. తాకినచో పొలమారును! నీరు కూడ కడుపులోనికి పోయి, రక్తమున కలిసి, మెల్లగా దేహమంతటితో పాటు ఆ పొరలను తడుపును. అందుచేత కచేరీకి అయిదు నిమిషములకు ముందు చెంబెడు నీరు త్రాగుటకంటె దినమంతయు కొద్దికొద్దిగా త్రాగుట మేలు. నేరుగా అచటికి చేరునది పీల్చిన ఆవిరి. అట్లే పీల్చిన పొగ కూడ. పొగ త్రాగుచు అతిమధురము నమలువాడు ఒక చేత నిప్పు పెట్టి వేరొక చేత పన్నీరు చల్లుచున్నాడు. వంటింటి వైద్యమున దోషము అది పనికిరాకుండుట కాదు. అది ఉన్నదను ధైర్యముతో చెడు పద్ధతి కొనసాగుట.

మరి నేర్పవలసినది ఏమి? అది రహస్యవిద్య కాదు. భుజములు లేవకుండ, పక్కటెముకలు విప్పారునట్లు, పొట్ట మెత్తగా ముందుకు వచ్చునట్లు ఊపిరి తీయుట. దానిని ఒక్కమారుగా పారబోయక పొదుపుగా వాడుట. దవడను, నాలుకను, మెడను బిగింపకుండుట. అద్దము ముందు కూర్చుండి పాడినచో శార్ఙ్గదేవుని పట్టికలోని సగము దోషములను శిష్యుడు తానే పట్టుకొనును. ఉదయమున నోరు మూసికొని మెల్లని హుంకారముతో, పిదప మంద్రస్వరములతో గొంతును మేలుకొలుపుట. హిందుస్థానీవారు ఖరజసాధన అనునది ఇదియే. దానిని మెల్లగా చేయవలెను. మోటుగా గొంతు నొక్కి చేసినచో అదియు దెబ్బయే. సరళీవరుసలను మూడు కాలములలో పాడించునట్లే, హెచ్చు, మధ్యమ, తగ్గు ధ్వనులలోను పాడించుట. ఎడతెగక మూడు గంటలు పాడించుటకంటె, నడుమ విశ్రాంతితో అరగంట చొప్పున పాడించుట. గొంతు బొంగురుపోయిన దినమున పాట మాని వినికిడి పాఠము చెప్పుట; ఆ దినమున గుసగుసలాడుట విశ్రాంతి కాదనియు, అదియు తంత్రులకు శ్రమ కలిగింపగలదనియు తెలుపుట.

వేదిక వెలుపలి జీవితము కూడ గానమున భాగమే. కచేరీ ముగిసిన పిదప అర్ధరాత్రమున కడుపునిండ భుజించి వెంటనే పరుండు అలవాటు గాయకులలో సామాన్యము. పడుకొన్నపుడు కడుపులోని పులుపు పైకెగసి స్వరపేటికను కాల్చును. ఉదయమున గొంతు ఏల లేవలేదో వారికి అంతుపట్టదు. దినమునకు నాలుగైదు జట్లకు పాఠము చెప్పు గురువులు తామే బొంగురుపోయి, ఆ బొంగురునే శిష్యులకు ఆదర్శముగా అందించుచున్నారు. విద్యార్థులు గురువు రాగమును మాత్రమే నేర్చుకొనరు. ఆయన దగ్గును, ఆయన గొంతు సవరింపును కూడ నేర్చుకొందురు. కావున ఈ సంస్కరణ శిష్యుని మేలుకై మాత్రమే కాదు. పొట్టకూటికై గొంతును అరగదీసికొనుచున్న గురువు మేలుకై కూడ.

సంగీతవిద్యాలయములు చేయవలసినది స్వల్పము. ప్రవేశించునపుడు ప్రతి విద్యార్థి గొంతును చెవి, ముక్కు, గొంతు వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను. ఏటేట మరల చేయింపవలెను. ప్రతి విద్యార్థికి తగిన శ్రుతిని నిర్ణయించి వ్రాసి ఉంచవలెను. వయస్సుతో అది మారినపుడు దిద్దవలెను. మూడు వారములకు మించి బొంగురు తగ్గని విద్యార్థిని పాఠమునకు కాక వైద్యుని యొద్దకు పంపవలెను. ఆ బొంగురు వెనుక బుడిపెకంటె తీవ్రమైన వ్యాధి కూడ పొంచి ఉండవచ్చును. మేళకర్తల పట్టికకును, రాగలక్షణములకును పరీక్షలో మార్కులు ఉన్నట్లే, కంఠరక్షణకును ఒక పత్రము ఉండవలెను. ఆ పత్రము శిష్యులకంటె ముందు ఉపాధ్యాయులు వ్రాయవలెను. ఇందులో ఏదియు ధనరాసులు కోరునది కాదు. కోరునది ఒక ఒప్పుకోలు మాత్రమే: చెడిన గొంతునకు చెప్పవలసిన జవాబు శిష్యుని జాతకములో లేదు, తరగతిగదిలో ఉన్నది.

ఈ ఒప్పుకోలు ఎంతకాలము వాయిదా పడునో అంతకాలము ఒక నష్టము లెక్కకు రాకుండ జరుగుచుండును. సభలలో పాడువారి గొంతులను లోకము వినును. సభ వరకు రానివారి గొంతులను ఎవరును వినరు. తనది కాని శ్రుతిలో ఏడేండ్లు నేర్చి, పదునైదవ ఏట గొంతు మూగపోగా, "నాకు సంగీతము వ్రాసిపెట్టి లేదు" అని తంబురను అటకపై ఎక్కించిన బాలిక ఏ చరిత్రలోను చేరదు. ఆమెకు వ్రాసిపెట్టి లేకపోవుట కాదు. ఆమెను సరిగా పాడింపకపోవుట జరిగినది. ఆమె అభాగ్యురాలనుకొని జీవించును. నిజమునకు ఆమె గాయపడినది.

కచేరీ ముగిసిన పిదప వైణికుడు పనసకఱ్ఱతో చేసిన తన వీణను మెత్తని గుడ్డతో తుడిచి, గవిసెన తొడిగి, బిడ్డనువలె ఎత్తుకొని వెళ్ళును. ఆ వీణ విరిగినచో బొబ్బిలిలోనో, తంజావూరులోనో మరియొకటి చేయించుకొనవచ్చును. గాయకునకు ఆ వెసులుబాటు లేదు. మరియొకటి దొరకు వాద్యమును అంత అపురూపముగా చూచుకొను దేశము, మరియొకటి దొరకని వాద్యమును ఇంత నిర్లక్ష్యముగా చూచుట ఇక మానవలెను.